మా బావగారి మూడో చెప్పు

మా బావగారు తాతాజీ ఏ విషయాన్నీ ఒక మనిషికి పూర్తిగా చెప్పరు, ఏ వస్తువునీ ఒకచోట పూర్తిగా పెట్టరు. పిసినారితనం అనుకునేరు, కాదు. అనుమానం అంతకన్నా కాదు. ఆయనకున్నది సీడీ జబ్బు. మందుల షాపు నడుపుతున్నవాణ్ణి, లోకంలో ఉన్న జబ్బులన్నిటికీ మా షాపులో ఏదో ఒక బిళ్ళ దొరుకుతుంది గానీ దీనికి మాత్రం ఇప్పటిదాకా మందు రాలేదండీ.

మొగల్తూరు సెంటర్లో ఆయనకి వీడియో షాపుంది. ఇప్పుడంటే అందరి చేతుల్లోనూ ఫోన్లొచ్చి ఆయన పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ, లామినేషన్లు చేసుకుంటూ కూర్చున్నారు గానీ, సీడీలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆయన దర్జాయే వేరు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా, పంతులుగారు కాస్త ఆలస్యంగా వస్తే ఓర్చుకునేవారు, తాతాజీగారి కెమెరా రాకపోతే మాత్రం తాళిబొట్టు పళ్ళెంలోంచి లేచేది కాదు. ఆ రోజుల్లోనే సీడీలు కాపీ తీసే మిషను కొనడానికి ఆయన మద్రాసు వెళ్ళారు. అక్కడెవరో మహానుభావుడు మిషను అమ్మి ఊరుకోకుండా, దాని లోపలి సంగతి కూడా విప్పి చెప్పి పంపించాడు. వాడెవడో గానీ వాడి రుణం మా వంశం ఇంకా తీర్చుకుంటూనే ఉంది.

రైలు దిగి తిన్నగా మా షాపుకొచ్చారు. నేను ఆయన బామ్మర్దిని కాబట్టి వినక తప్పదని ఆయన ఉద్దేశం.

"ఒరేయ్ హరీ, సీడీలో పాట వరసగా ఉంటుందనుకుంటున్నావా?"

"మరెలా ఉంటుందండీ?"

"ఉండదురా! ముక్కలు ముక్కలు చేసి, ఒక ముక్క ఇక్కడ, ఒక ముక్క అక్కడ చల్లేస్తారు. మిషను చదివేటప్పుడు ఏరుకుని మళ్ళీ వరసలో పెట్టుకుంటుంది."

"ఎందుకండీ ఆ ఖర్మ? వరసగానే పెట్టొచ్చుగా?"

బావగారు కౌంటరు మీదకి వంగి, దేవరహస్యం చెప్తున్నట్టు గొంతు తగ్గించారు. "గీత పడితేనో?"

అదిగో, ఆ రోజు పుట్టింది ఆ మాట. వరసగా పెడితే గీత పడ్డచోట పాట మొత్తం పోతుందట. చల్లి పెడితే ఒక్కో పాటలోంచి ఒక్కో మెతుకే పోతుందట. పైగా ముక్కలకి తోడు కొన్ని సాక్షి అంకెలు కూడా రాస్తారట. పోయిన మెతుకు ఏదో మిషను ఆ సాక్షుల్ని అడిగి తెలుసుకుని, అచ్చం దాన్నే మళ్ళీ పుట్టిస్తుందట. బాగానే ఉంది, మిషను తిప్పలేవో మిషను పడుతుంది. కానీ బావగారు దాన్ని సంసారంలోకి తెచ్చారు.

ఒకసారి మా పాపాయమ్మక్క, అంటే ఆయన భార్య, ఇంట్లో వ్రతం పెట్టుకుంది. పిలుపులు బావగారి వంతు. నాకు ఫోన్ చేసి, "గురువారం, అందరూ," అని పెట్టేశారు. మా ఆవిడ వెంకటదుర్గకి చేసి, "పొద్దున్నే, ఏమీ తినకుండా," అని పెట్టేశారు. మా వాటాలో అద్దెకుంటున్న లోకనాథ్ గారికి చేసి, "మా ఇంటికి, తప్పనిసరి," అని పెట్టేశారు. ముగ్గురం వంటింట్లో కూర్చుని ముక్కలు అతికించాం. ఖాళీ కడుపుతో పొద్దున్నే రమ్మన్నారంటే అది షుగర్ టెస్టు తప్ప ఇంకోటి కాదని తేల్చాం. గురువారం నేను షుగర్ చూసే మిషనూ, సూదులూ సంచిలో వేసుకుని వెళ్ళేసరికి పంతులుగారు కలశం ముందు కూర్చుని ఉన్నారు. వెళ్ళినందుకు ఆయనకే టెస్టు చేశాను. ఎక్కువే ఉంది పాపం, ప్రసాదం దగ్గర బాగా ఇబ్బంది పడ్డారు.

"వ్రతం అని ఒక్క ముక్క చెప్తే ఏం పోయేదండీ?" అనడిగాను.

"చెప్పాను కదరా. మీ పక్కింటి బంగార్రాజుకి చెప్పాను. ఆ ముక్క అతని దగ్గరుంది. మీరు అడగలేదు," అన్నారు.

ఇంకోసారి అందరం వ్యాన్ కట్టించుకుని పెద్దాపురం మరిడమ్మ జాతరకి బయల్దేరాం. వ్యాన్లో పరుపులు పరుచుకున్నాం కాబట్టి చెప్పులన్నీ విప్పించి రెండు సంచుల్లో సర్దే పని బావగారు మీద వేసుకున్నారు. జతలుగా సర్దితే ఆయన తాతాజీ ఎలా అవుతారు? ప్రతి జతలోనూ ఒకటి ఈ సంచిలో, ఒకటి ఆ సంచిలో వేశారు. ఒక సంచి ముందు సీటు కింద, ఒక సంచి వ్యాన్ టాపు మీద. ధవళేశ్వరం వంతెన మీదకి వచ్చేసరికి ఏం గాలి, ఏం గాలి! టాపు మీద సంచి లేచి గోదాట్లో పడింది.

పెద్దాపురంలో దిగాక అందరం ఒంటి చెప్పులతో నిలబడ్డాం. మా ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"జతలుగా పెట్టుంటే సగం మందికైనా మిగిలేవి కదండీ అన్నయ్యగారూ!"

"మిగతా సగం మందికి అసలు లేకుండా పోయేవి కదమ్మా! ఇప్పుడు చూడు, అందరికీ సమానంగా పోయాయి."

"అందరికీ సమానంగా పనికిరాకుండా పోయాయండీ!"

బావగారు ఒంటి కాలి మీద నిలబడి కాసేపు ఆలోచించారు. వేడి రోడ్డు మీద రెండో కాలు పెట్టలేక నిలబడ్డారని మేం అనుకున్నాం గానీ, నిజంగానే ఆలోచిస్తున్నారు. "మనదే పొరపాటు. సాక్షి చెప్పు పెట్టలేదు," అన్నారు.

ఆ తర్వాతి ఏడు నించీ ఎక్కడికెళ్ళినా మనిషికి మూడు చెప్పులు తెమ్మంటారు. ఆ మూడోది కుడిదా, ఎడమదా అని మా ఆవిడ అప్పుడే అడిగింది. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

అలాగని ఆయనది ఉత్త పిచ్చి అని కొట్టిపారెయ్యడానికీ లేదు. మా అబ్బాయి గణేష్‌బాబు పెళ్ళిలో భోజనాల పెత్తనం ఆయనకిచ్చాం. ఒక ఇంటివాళ్ళని ఒకచోట కూర్చోనిస్తే ఒట్టు. మొగుణ్ణి ఈ వరసలో, పెళ్ళాన్ని ఆ వరసలో, అత్తగార్ని స్తంభం పక్కన, ఇలా మొదటి బంతి అంతా చెల్లాచెదురు చేసి కూర్చోబెట్టారు. జనం నన్ను తిట్టుకుంటున్నారు. నేను వెళ్ళి ఆయన్ని తిట్టాను.

"ఒరేయ్, కూర తక్కువొచ్చిందనుకో. ఆ వరసంతా ఒకే ఇంటివాళ్ళయితే ఇల్లు మొత్తం అలిగి వెళ్ళిపోద్ది. మూడు తరాలు మాటలుండవు. ఇప్పుడైతే ఇంటికి ఒక్కడే అలుగుతాడు. మిగతావాళ్ళు వాడికి సర్ది చెప్పుకుంటారు."

ఆయన నోటి చలవో ఏమో, పనసపొట్టు కూర చివరి వరసకి వచ్చేసరికి నిజంగానే అయిపోయింది. ఆ వరసలో వాళ్ళందరూ అలిగారు. అందరి ఇళ్ళవాళ్ళూ తలోవైపు నించీ లేచొచ్చి, "పోనీలే, ఇంటికెళ్ళాక వండుకుందాం," అని బతిమాలి కూర్చోబెట్టారు. గొడవ పుట్టినచోటే చల్లారిపోయింది. కాకపోతే ఒక ముసలాయన అలవాటు కొద్దీ పక్కాకులో బూరె తీసుకుని తినేశాడు. పక్కనున్నావిడ ఆయన భార్య కాదు.

సరే, అసలు సంగతికి వస్తాను. మొన్న వేసవి చివర్లో ఒక రోజు నేను బావగారి షాపులో టీ తాగుతూ కూర్చున్నాను. సముద్రం ఒడ్డు పేట నించి పెదబాబు, వాళ్ళావిడ అప్పాయమ్మ, వాళ్ళమ్మాయి వీరదుర్గ వచ్చారు. పెదబాబుకి సొంత పడవుంది, వేటకెళ్తాడు. మనిషి కొండలా ఉంటాడు గానీ ఆ రోజు పెళ్ళాం వెనకాల దాక్కుని వచ్చాడు. అప్పాయమ్మ కొంగులోంచి ఒక సీడీ తీసి బల్ల మీద పెట్టింది. షాపంతా ఎండు చేపల వాసన గుప్పుమంది.

"మా పెళ్ళి సీడీ అండి. మీరే తీశారు. దీన్ని ఎలాగైనా ఆడించాలండి బాబుగారూ."

బావగారు దాన్ని ట్యూబులైటుకి ఎదురుగా పెట్టి చూశారు. జల్లెడలోంచి చూసినట్టు అవతల వెలుగు కనిపిస్తోంది.

"దీనికేమైందమ్మా?"

"ఆ మహారాజునే అడగండి!"

పెదబాబు నసిగాడు. "కాకులండి... ఎండబెట్టిన చేపల మీద వాలిపోతన్నాయండి. సీడీలు దారం కట్టి వేలాడదీస్తే గిర్రున తిరిగి మెరుస్తాయండి, కాకులు బెదురుతాయండి. మా పేటంతా అదే చేస్తారండి. ఏదో పాత సినిమా సీడీ అనుకున్నాను."

"బెదిరాయా?"

"మొదట్లో బెదిరాయండి. తర్వాత తర్వాత అందులో మొహాలు చూసుకున్నాయండి. ఇంకో కాకి అనుకున్నాయో ఏంటో, పొడిచేశాయండి."

బావగారు నెత్తి పట్టుకున్నారు. "కింద వైపు గీతలు పడితే పేస్టు పెట్టి తోముకోవచ్చురా నాయనా. సీడీకి ప్రాణం పేరు రాసిన వైపుంటుంది. అటు పొడిస్తే అద్దం వెనక రసం ఊడినట్టే. అయినా ఇప్పుడు దీంతో ఏం పని?"

పని చాలా పెద్దదే. వీరదుర్గ ఇంటర్ పాసైంది. రాజమండ్రిలో నర్సింగు సీటొచ్చింది. సోమవారం వెళ్ళి చేరాలి. అయితే పెదబాబు అక్క చిట్టెమ్మ అడ్డం పడింది. కొత్త పెళ్ళికొడుకు పెళ్ళాంతో ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు ఆడపడుచు గడప దగ్గర చెయ్యి అడ్డం పెట్టి పేర్లు చెప్పిస్తుంది కదా, మీకు ఆడపిల్ల పుడితే మా ఇంటికిస్తారా అని కూడా అడుగుతుంది. నవ్వులాటకి అడిగేదే. కానీ ఆ రోజు పెదబాబు ఇస్తానని మాటిచ్చాడని, శ్రావణంలో తన కొడుకు ఉదయ్‌కుమార్‌కి వీరదుర్గని చేసెయ్యాలని చిట్టెమ్మ పట్టు. ఇస్తానన్లేదు, చదివిస్తానన్నాడు, నేను పక్కనే ఉన్నానని అప్పాయమ్మ పట్టు. పెదబాబుకి ఏమన్నాడో గుర్తులేదు.

"సీడీ ఏం చెప్తే అదేనండి. అక్కకి మాటిచ్చుంటే తప్పనండి. మాట తప్పడం మా ఇంటా వంటా లేదు," అన్నాడు. మూర్ఖుడు కాడు, మంచివాడు. మంచివాళ్ళతోనే కదా చిక్కు!

బావగారు పిల్ల వైపు తిరిగారు. "నువ్వేమంటావమ్మా? ఉదయ్ అంటే ఇష్టం లేదా?"

"ఉదయ్ బావ మంచోడేనండి. కానీ నాకు నర్సునవ్వాలని ఉందండి. మా పేటలో ఎవరికైనా జ్వరమొస్తే నరసాపురం దాకా మోసుకెళ్తన్నారండి," అంది ఆ పిల్ల. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది. నాకు భలే ముచ్చటేసింది.

"మీ దగ్గర ఇంకో కాపీ ఉండే ఉంటదిగా బాబుగారూ?" అనడిగింది అప్పాయమ్మ.

బావగారు సీడీని బల్ల మీద బోర్లించారు. "లేదమ్మా. కాపీ లేదు," అన్నారు.

నా చేతిలో టీ తొణికి ప్యాంటు మీద పడింది. మూడో చెప్పు పట్టుకుని తిరిగే మనిషి దగ్గర రెండో సీడీ లేదా! ఏదో అనబోయాను. ఆయన నా కాలు తొక్కారు.

"ఆదివారం మధ్యాహ్నానికి మీ ఇంటికొస్తాను. చిట్టెమ్మని కూడా పిలవండి. వచ్చినంత చూద్దాం," అని వాళ్ళని పంపించేశారు. ఆ రెండు మూడు రోజులూ షాపు తలుపు దగ్గరకేసి లోపలే ఉన్నారు. మా అక్క క్యారేజీ పట్టుకెళ్తే కూర ఒక కిటికీలోంచి, అన్నం ఇంకో కిటికీలోంచి అందుకున్నారట.

ఆదివారం పెదబాబు ఇంటి అరుగు మీద టీవీ పెట్టారు. ముందు చాపలు పరిచారు. ఒక పక్క అప్పాయమ్మ, ఒక పక్క చిట్టెమ్మ, మధ్యలో ఎటు జరగాలో తెలీక పెదబాబు. పేటంతా వచ్చేసింది. బావగారు సీడీ వేశారు. అబ్బ, ఎంత శుభ్రంగా ఆడిందనుకున్నారు! పందిరి, బ్యాండు, తలంబ్రాలు, అన్నీ నిన్న తీసినట్టే ఉన్నాయి. సన్నగా రివటలా ఉన్న పెదబాబుని చూసి జనం ఈలలేశారు. అందరూ బావగారి పనితనాన్ని మెచ్చుకుంటున్నారు. ఆయన మాత్రం పెళ్ళికూతురి తండ్రిలా చెమటలు కక్కుకుంటూ నిలబడ్డారు.

గడప వచ్చింది. టీవీలో చిట్టెమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆడపిల్ల పుడితే మా ఇంటికిస్తావా, లేదా? చెప్తేనే దారి!"

టీవీలో పెదబాబు నోరు తెరిచాడు. "ఆడపిల్ల పుడితే..."

కిర్రుమంది. బొమ్మ గళ్ళు గళ్ళుగా పగిలిపోయింది. మళ్ళీ బొమ్మ వచ్చేసరికి అందరూ విరగబడి నవ్వుతున్నారు. చిట్టెమ్మ చెయ్యి తీసేసింది. పెళ్ళికూతురు కుడికాలు లోపల పెట్టింది.

"చూశారా!" అని లేచింది చిట్టెమ్మ. "ఇస్తానన్నాడు కాబట్టేగా చెయ్యి తీశాను!"

"చదివిస్తానన్నాడు వదినా, అందుకే అందరూ నవ్వారు!" అని లేచింది అప్పాయమ్మ.

బావగారు రెండు చేతులూ ఎత్తారు. "ఆగండమ్మా. కొద్దిగా పోతే సీడీ సాక్షుల్ని అడిగి ఉన్నదున్నట్టు పుట్టిస్తుంది. ఇంకాస్త పోతే ఇటు చూసి, అటు చూసి ఉజ్జాయింపుగా నింపుతుంది. మరీ పోతే నోరు మూసుకుంటుంది. ఇక్కడ నోరు మూసుకుంది. ఇంక మనుషుల్ని అడగాల్సిందే. ఆ రోజు అక్కడెవరున్నారు?"

బ్యాండు వాయించిన ఏసురాజు లేచాడు. "ఉన్నానండి. క్లారినెట్టు ఊదుతున్నానండి. నా పాట తప్ప ఇంకేం వినపళ్ళేదండి."

ముసలావిడ మాణిక్యాంబని అడిగారు. "ఎందుకు గుర్తులేదూ! ఆ రోజు రొయ్యల ఇగురులో ఉప్పు కశమైపోయింది. ఆ వండినోడు ఇప్పటికీ నా కళ్ళబడితే తప్పుకు తిరుగుతాడు," అంది. ఆ తర్వాత చాలాసేపు ఉప్పు గురించే వాదించుకున్నారు.

"ఇంక మిగిలింది అన్న మనిషే," అన్నారు బావగారు. "పెదబాబూ, మీ అక్కని చూడకు, మీ ఆవిణ్ణి చూడకు. తిన్నగా మనసులో ఉన్నది చెప్పు. పిల్ల పుడితే ఏం చేస్తానన్నావ్?"

పెదబాబు అక్కనీ చూళ్ళేదు, పెళ్ళాన్నీ చూళ్ళేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ కూతుర్ని చూశాడు. ఆ పిల్ల దుపట్టా కొస నోట్లో కుక్కుకుని ఊపిరి బిగబట్టి ఉంది. పేటంతా అతని నోటివైపే చూస్తోంది. కాకులు కూడా అరవలేదు.

"చదివిస్తానన్నానక్కా," అన్నాడు పెదబాబు. "ఎంత వరకూ చదువుతానంటే అంత వరకూ చదివిస్తాను, ఆ తర్వాత అది ఎవర్ని చేసుకుంటానంటే వాళ్ళకే ఇస్తాను అన్నాను."

"అంత పొడుగు మాట ఆ కాస్త చోట్లో ఎలా పట్టిందిరా?" అంది చిట్టెమ్మ.

"అప్పట్లో కుర్రాడు కదమ్మా, గబగబా మాట్లాడేవాడు," అన్నారు బావగారు.

జనం ఘొల్లుమన్నారు. మొదట చప్పట్లు కొట్టింది ఎవరనుకున్నారు? ఉదయ్‌కుమార్. వాళ్ళమ్మ వాడి చెవి పట్టుకుని లేవదీసి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. సోమవారం వీరదుర్గ రాజమండ్రి బస్సెక్కింది.

అంతా బాగానే ఉంది గానీ నా బుర్రలో ఒక పురుగు తొలుస్తోంది. అన్ని కాకులు అంతలా పొడిచిన సీడీలో తలంబ్రాల్లో బియ్యపుగింజలు కూడా లెక్కపెట్టేలా కనిపించాయి. పోయింది సరిగ్గా ఆ ఒక్క ముక్కా. మా అటక మీద బావగారు ఎప్పుడో దాచిన సీడీల అట్టపెట్టె ఒకటుంది. నిచ్చెనేసుకుని ఎక్కి, బూజు దులిపి వెతికాను. "పెదబాబు, అప్పాయమ్మ" అని నిక్షేపంలా ఉంది. వేసి చూశాను. గడప దగ్గర చిట్టెమ్మ అడుగుతోంది. పెదబాబు పొట్ట పట్టుకుని అంటున్నాడు: "ఆడపిల్ల పుడితే నీకేనే అక్కా, చెయ్యి తియ్యవే, ఆకలేస్తంది!"

సీడీ పట్టుకుని బావగారి షాపుకి పరిగెత్తాను.

"ఆ కాకులు పొడిచింది అసలు ఆడిందా బావగారూ?"

"ఒక్క బొమ్మ రాలేదు. తీసినవాణ్ణి కదా, వాడేమన్నాడో నాకు గుర్తే. నా కాపీ వేసి, ఆ ముక్క నేనే చెడగొట్టాను," అన్నారు, లామినేషన్ చేసుకుంటూ, తల కూడా ఎత్తకుండా.

"మరి పెదబాబు చదివిస్తానని అన్లేదు కదండీ!"

"ఆదివారం అన్నాడుగా. అందరి ముందూ అన్నాడు." అప్పుడు తలెత్తారు. "ఒరేయ్, పెళ్ళికొడుకు పొద్దున్నించీ ఉపవాసం. గడప బయట నిలబెట్టి అడిగితే పడవ కూడా రాసిచ్చేస్తాడు. ఆకలి మీదన్న మాటకి పిల్ల బతుకు కట్టేస్తారా? ఆ అప్పాయమ్మ నా కాపీ అడిగిందే, ఆవిడ చూస్తే ఏమవుద్ది? చదివిస్తానన్న మాట ఆవిడ ఊహ. గెలుస్తాననుకుని వచ్చింది పాపం."

నేను చేతిలో సీడీని మెల్లిగా బల్ల మీద పెట్టాను. ఇన్నాళ్ళూ ఈయన్ని ఎన్ని వెటకారాలాడాను! అయితే ఆ మెత్తదనం ఎంతోసేపు నిలవలేదు.

"సరే గానీ, ఇంకా ఎన్ని కాపీలున్నాయండీ?"

బావగారి మొహం పాలిపోయింది. ఏ పెళ్ళి తీసినా ఆయన కాపీలు ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, విప్పకుండా దాచమని నలుగురిళ్ళలో ఇచ్చేవారట. ఎవరికి ఏదిచ్చారో ఆయనకే తెలీదట.

చూసి తీరాలండీ ఆ తిరుగుడు! నా స్కూటరు మీద ఇద్దరం పేటంతా చుట్టాం. ఎవరింటికెళ్ళినా పెట్టెలు దింపడం, పొట్లాలు విప్పడం. ఏసురాజు ఇంట్లో ఒకటి దొరికింది. మాణిక్యాంబ మంచం కింద ఒకటి దొరికింది, ఉప్పు గురించి మళ్ళీ విన్నాం. చివరికి బావగారు వీధి మధ్యలో స్కూటరు ఆపించి గుండె మీద చెయ్యేసుకున్నారు.

"ఒరేయ్ హరీ, ఇంకోటి ఎవరికిచ్చానో ఇప్పుడు గుర్తొచ్చింది. చిట్టెమ్మకిచ్చాను."

స్కూటరు తోసుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాం. చిట్టెమ్మ అరుగు మీద వల బాగుచేసుకుంటోంది. మమ్మల్ని చూసి ఏమీ అడగలేదు. లోపలికెళ్ళి పొట్లం తెచ్చి బావగారి చేతిలో పడేసింది. ప్లాస్టిక్ కాగితం విప్పి ఉంది.

"దీనికోసమేగా వచ్చారు? సోమవారమే చూశానండి."

బావగారు పొట్లాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. నాకు స్కూటరు స్టాండు ఎక్కడుందో కూడా తెలీలేదు.

"మరి... ఊరుకున్నావేంటమ్మా?" అన్నారు బావగారు ఎలాగో.

చిట్టెమ్మ మళ్ళీ వల చేతిలోకి తీసుకుంది. "ఏం చెయ్యమంటారండి? వాడు పేటంతా చూస్తుండగా కూతురి మొహం చూసి మాటిచ్చాడు. ఇప్పుడు నేనిది పట్టుకెళ్తే నా తమ్ముడు రెండు మాటల మనిషైపోతాడు. సొంత అక్కనయ్యుండి వాడి పరువు తీస్తానా? అయినా నేను చెయ్యి అడ్డం పెట్టింది నవ్వులాటకేనండి. అది పంతమెప్పుడైందో నాకే తెలీదు. ఆ పిల్ల ఏడ్చుకుంటా వచ్చి నా ఇంట్లో దీపం పెడితే నాకు బాగుంటదా చెప్పండి?"

బావగారు చొక్కా కొసతో సీడీ తుడిచారు. తర్వాత ఆ సీడీని మళ్ళీ కాగితంలో చుట్టి ఆవిడ పక్కన పెట్టారు.

"నీ దగ్గరే ఉంచమ్మా. మిగతావి విరిచేస్తాను. ఇదొక్కటే ఉంటుంది."

"నా దగ్గరా? నా నోరు మంచిది కాదని ఊరంతా అంటారు కదండీ! ఏ కోపంలోనో తీసి చూపించేస్తేనో?"

"చూపించవు," అన్నారు బావగారు.

మా బావగారు ఒక వస్తువుని పూర్తిగా ఒక మనిషి చేతిలో పెట్టడం నేను చూడ్డం అదే మొదలు. మా అక్క వింటే నమ్మదు.

చిట్టెమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. "కూర్చోండి, టీ పెడతాను. ఇంకో సంగతండోయ్, ఆ పిల్ల నర్సయి రానీండి. మొదటి సూది మా తమ్ముడికే పొడిపిస్తాను. సన్నది కాదు, లావుది!"

బావగారు నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడ్డారు. ఆ రోజు టీ రెండోసారి కూడా అడిగి తాగారు.